ఖాళీ సీటు కన్నా తెరిచిన కిటికీయే రక్ష

జహీరాబాద్‌: లాక్‌డౌన్‌ అనంతరం 2020 మే 19న తెలంగాణ జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు తిరిగి రోడ్డెక్కాయి. మే 21న ఆంధ్రప్రదేశ్‌లో ప్రయాణికుల మధ్య సీట్లు ఖాళీగా ఉంచి సర్వీసులు ప్రారంభించారు. సీట్లు తగ్గితే రాబడి తగ్గుతుంది, డీజిల్‌ ఖర్చు మాత్రం తగ్గదు. అందువల్ల ఇలాంటి ఏర్పాటు ఎంతోకాలం నిలిచేది కాదు.

కర్ణాటక సరిహద్దుకు చేరువలో, 65వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న జహీరాబాద్‌ నుంచి సంగారెడ్డి, హైదరాబాద్‌, బీదర్‌లకు రాకపోకలు అధికం. మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న ప్రారంభమయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో రద్దీ పెరిగింది. నిలబడేందుకే చోటు కరవైన బస్సులో సీటు విడిచి సీటు అన్నది ఆచరణ సాధ్యం కాదు. మరి అంటువ్యాధుల నుంచి ప్రయాణికులకు రక్షణ ఏది?

పక్క సీటుకే ముప్పు

చైనా హైస్పీడ్‌ రైళ్లలో 2019 డిసెంబరు నుంచి 2020 మార్చి వరకు కొవిడ్‌ రోగుల సమీపంలో కూర్చున్నవారిని పరిశోధకులు పరిశీలించారు. సగటున 0.32 శాతం మందికి వ్యాధి సోకగా, పక్క సీటులోని వారిలో అది 3.5 శాతంగా తేలింది. ప్రయాణ సమయం పెరిగేకొద్దీ ముప్పూ పెరిగింది.

అయితే దూరం ఒక్కటే చాలదు. 2020 జనవరిలో చైనాలోని జెజియాంగ్‌ రాష్ట్రంలో ఒక రోగి ఎక్కిన బస్సులో మిగిలిన 67 మందిలో 23 మందికి కొవిడ్‌ సోకింది. దూరపు వరుసల్లోని వారూ తప్పించుకోలేకపోయారు. లోపలి గాలే మళ్లీమళ్లీ తిరగడం ఇందుకు కారణమని పరిశోధకులు భావించారు.

ఖర్చు లేని మార్గం

పల్లెవెలుగు బస్సులకు తెరుచుకునే కిటికీలు ఉండటం ఈ విషయంలో వరమే. చలికి, వానకు అన్ని అద్దాలూ మూసేస్తే ఆ ప్రయోజనం దక్కదు. రెండు వైపులా కొన్నయినా తెరిచి ఉంచితే గాలి మారుతుంది. రోజంతా బస్సులోనే గడిపే డ్రైవర్లు, కండక్టర్లకు ఇది మరింత అవసరం.

కొవిడ్‌ ఉద్ధృతి తగ్గినా గాలి ద్వారానే సోకే క్షయ తొలగిపోలేదు. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నారు. దగ్గు ఉన్నవారు మాస్కు ధరించడం, బడి వేళల్లో, కార్మికుల డ్యూటీ వేళల్లో ట్రిప్పులు పెంచి రద్దీ తగ్గించడం తక్షణ కర్తవ్యాలు. సీట్లు ఖాళీగా ఉంచడం సాధ్యం కాకున్నా, కిటికీలు తెరవడం నేటి నుంచే సాధ్యం.