జ్వరం బిళ్లే కదా అనుకోకండి!

పరీక్ష ఇంకో మూడు రోజులే. హాస్టల్ గదిలో ఒళ్లు కాలిపోతోంది. 650 బిళ్ల ఒకటి వేశారు. తగ్గలేదని రెండు గంటలకే ఇంకోటి, మధ్యలో జలుబు మాత్ర. ఆ జలుబు మాత్రలోనూ చాలాసార్లు పారాసిటమాలే ఉంటుందని స్ట్రిప్ వెనక ఎంతమంది చదువుతారు?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. 650 బిళ్లలు ఆరు వేస్తే 3.9 గ్రాములు. అంటే దాదాపు హద్దుకు చేరిపోయారన్నమాట. అదీ సరిగా తినేవాళ్ల సంగతి. పారాసిటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. దాన్ని గ్లూటాథయోన్ విరిచేస్తుంది. డబ్బులు మిగులుతాయని టిఫిన్ మానేసి, ఆపై జ్వరంలో అన్నం సహించక పస్తులుంటే ఆ నిల్వే తగ్గిపోతుంది. రోజూ మందు తాగే అలవాటుంటే ముప్పు ఇంకా ఎక్కువ. టీబీ మందులు వాడుతున్నవాళ్లయితే డాక్టర్‌ని అడక్కుండా వేసుకోనే వద్దు.

కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసమని జిమ్‌లో ఎవరో ఇచ్చే స్టెరాయిడ్లూ కాలేయాన్ని దెబ్బతీసేవే.

ఇవన్నీ చెప్పాల్సింది నిజానికి మెడికల్ షాపువాళ్లు. రద్దీలో చెప్పరు. కాబట్టి ‘ఇందులో పారాసిటమాల్ ఉందా?’ అని మీరే అడగండి, మొహమాటం ఎందుకు?

మోతాదు మించిందని తెలిస్తే కళ్లు పచ్చబడేదాకా ఆగొద్దు. మొదటి రోజు ఏమీ తెలియకపోవచ్చు కూడా. విరుగుడు మందు 8 గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది. చేతిలో హాల్‌టికెట్ ఉన్నా సరే, ముందు ఆస్పత్రికి పదండి. ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి.