గుండెకును మూత్రపిండములకును గల పొత్తు

పెద్దలకు కాళ్లవాపు, ఆయాసము హెచ్చినప్పుడు దోషమంతయు గుండెపైననే మోపుట మన ఇండ్లలో అలవాటైనది. మూత్రపిండముల మాట ఎవరికిని తోచదు. తీరా నెత్తురు పరీక్షలో క్రియాటినిన్ పెరిగినదని వినగానే బెంగపడి, గుండె మందులను తమంత తామే మానివేయువారిని పెక్కుమందిని చూచుచున్నాము. అందువలన నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

ఈ రెండును ఉమ్మడి వ్యాపారమున భాగస్థుల వంటివి. విశ్రాంతివేళ గుండె పంపు నెత్తురులో ఇంచుమించు అయిదవ వంతు మూత్రపిండములకే పోవును. గుండె బలహీనపడిన అచ్చటికి రాబడి తగ్గును. ఒంటిలో నీరు కరువైనదని భ్రమించి అవి ఉప్పును, నీటిని బయటకు విడువక నిలువచేయును. 1898లో స్టాక్‌హోమ్ నగరమున టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనువారు కనుగొనిన రెనిన్ అను పదార్థమే ఇందుకు ప్రేరకము. నిలువ హెచ్చినకొలది కాళ్లు వాచును, ఊపిరితిత్తులలో నీరు చేరును. సిరలు నిండి మూత్రపిండములపైననే తిరిగి ఒత్తిడి పడును. మూత్రపిండములు మొదట చెడినను అంతే. రక్తపుపోటు, రక్తహీనత కలిగి ఆ భారము గుండె మోయును.

ఎనలాప్రిల్ వంటి మందులు ఆరంభించినపుడు క్రియాటినిన్ కొంచెము పెరుగుట వైద్యులు ఎదురుచూచునదే. ఎంత పెరిగిన ఆపవలెనో నిర్ణయింపవలసినది వారు గాని ఇరుగుపొరుగువారు కారు. మధుమేహమునకు వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ అను మాత్ర గుండె బలహీనతకు మేలుచేయునని 2019లోను, మూత్రపిండముల జబ్బునకు మేలుచేయునని 2020లోను వెలువడిన పెద్ద పరిశోధనలలో తేలినది.

ఊరగాయ లేనిదే ముద్ద దిగని వారము మనము! ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు చాలుననుచున్నది. అట్లని సోడియం తగ్గించిన ఉప్పు కొనుటయు క్షేమము కాదు; అందు పొటాషియం ఉండును, మూత్రపిండములు చెడినవారికి అది ప్రమాదము. మోకాళ్ల నొప్పులకు అడిగి కొను డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఇరువురు భాగస్థులకును చేటు.

తరతరములుగా స్థిరపడిన మనకు ఇచ్చటి భాష పరాయిది కాదు. చిక్కంతయు ఇంగ్లీషున ఉండు ఆస్పత్రి కాగితముతోనే. ముసలివారు తలయూపి ఇంటికి వత్తురు. చదువుకొన్న పిల్లలు వెంట వెళ్లి క్రియాటినిన్, పొటాషియం, మూత్రములో ఆల్బుమిన్ ఎంతెంత ఉన్నవో, మరల పరీక్ష ఎన్నడో అడిగి తెలుగున వ్రాసి ఉంచవలెనని కోరుచున్నాము. గుండె జబ్బువారు ప్రతి ఉదయము బరువు తూచుకొని, మూడు దినములలో 2 కిలోలు పెరిగినచో వైద్యుడు రమ్మన్న తేదీ వరకు ఆగక వెంటనే తెలుపవలెను.