టెండరులో లెస్... కూలిలో కోత

తిరుపతిలో ఏ దిక్కుకు పోయినా సర్కారు సొమ్ముతో లేచిన కట్టడాలే. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్. రేణిగుంటలో విమానాశ్రయం. 2022లో మొదలైన రైల్వేస్టేషన్ పునర్నిర్మాణం. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన శ్రీనివాస సేతు. రిబ్బన్లు కత్తిరించిన వాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. గోడల్లో పైపులు దూర్చి, వైర్లు లాగి, ప్యానెల్ బోర్డులు బిగించి దీపం వెలిగించిన ఎలక్ట్రీషియన్‌కు రోజుకు ఎంత కూలి ముట్టిందో ఏ ఫలకమూ చెప్పదు. ఆ లెక్కే మనం అడగాలి.

సర్కారు పని ఎట్లా నడుస్తుందో ఒకసారి చూద్దాం. ముందు అంచనా వేస్తారు. స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ అనే ఎస్ఎస్ఆర్ పుస్తకం ముందు పెట్టుకుని సిమెంటుకింత, కేబులుకింత, మనిషి కూలికింత అని ఇంజనీర్లు లెక్క కడతారు. కాంట్రాక్టరు లాభం కూడా అందులోనే కలుపుతారు. అంటే ఎలక్ట్రీషియన్ కూలి పని మొదలుకాక ముందే కాగితం మీద ఉంది. ఆ డబ్బు ప్రజలదే. తర్వాత టెండరు పిలుస్తారు. ఒకడు పది శాతం లెస్ అంటాడు, ఇంకొకడు ఇరవై శాతం లెస్ అంటాడు. తక్కువకు వేసినవాడికి పని దక్కుతుంది. ఖజానాకు ఆదా అయిందని పాలకులు చప్పట్లు కొట్టుకుంటారు.

ఆ లెస్ ఎవరి జేబులోంచి వచ్చింది? కేబులు కంపెనీ ధర తగ్గించదు. సిమెంటు కంపెనీ అసలే తగ్గించదు. బిల్లు పాసయ్యేదాకా ఎక్కడెక్కడ చేతులు తడపాలో అవీ తగ్గవు. మిగిలింది కూలివాడొక్కడే. పెద్ద కాంట్రాక్టరు నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అతని నుంచి మేస్త్రీకి పని చేతులు మారేకొద్దీ కూలి కరుగుతూ వస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరకే అన్నారా!

కోతకు ఇంకో దారి కూడా ఉంది. రెండేళ్లు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, వైర్‌మన్ పర్మిట్ తీసుకున్న కుర్రవాణ్ణి మస్టరులో హెల్పర్‌గా రాస్తారు. చేసే పని నైపుణ్యం ఉన్నవాడిది, ఇచ్చే కూలి మామూలు మనిషిది. షాక్ కొట్టేటప్పుడు కరెంటుకు ఈ తేడా తెలియదు. కూలి పంచేటప్పుడు మాత్రం మేస్త్రీకి బాగా తెలుసు.

చట్టం లేదా అంటే, ఉంది. కేంద్ర ప్రజా పనుల శాఖ కాంట్రాక్టు నిబంధనల్లో 19-బి అనే క్లాజు ఉంది. కాంట్రాక్టరు తాను నేరుగా పెట్టుకున్న వాళ్లకైనా, సబ్ కాంట్రాక్టరు తెచ్చిన వాళ్లకైనా 'న్యాయమైన వేతనం' కంటే తక్కువ ఇవ్వకూడదని అది చెబుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి కేంద్రం ప్రకటించిన రేట్ల ప్రకారం, నిర్మాణ రంగంలో నైపుణ్యం ఉన్న కార్మికుడికి ఏ-క్లాసు నగరాల్లో రోజుకు కనీసం 954 రూపాయలు, నైపుణ్యం అవసరం లేని పనికి 783 రూపాయలు. హెల్పర్‌గా రాస్తే రోజుకు 171 రూపాయలు ఎగ్గొట్టినట్టే. నగరం స్థాయి తగ్గితే రేట్లు తగ్గుతాయి, కిటుకు మాత్రం అదే. కేంద్రం పనికి కేంద్రం రేటు, రాష్ట్రం పనికి రాష్ట్రం రేటు. ఒకే జిల్లాలో అవే వైర్లు లాగే ఒకే మనిషికి యజమానిని బట్టి రెండు చట్టబద్ధమైన కూళ్లు!

సుప్రీంకోర్టు ఈ విషయంలో ఎప్పుడో దారి చూపింది. 1982లో ఢిల్లీలో ఏషియాడ్ కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టారు. కూలీల రోజు వేతనం 9 రూపాయల 25 పైసలు. అందులో జమేదారు రూపాయి కోసుకుని మిగిలింది చేతిలో పెట్టేవాడు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ రాసిన లేఖనే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అని జస్టిస్ భగవతి ధర్మాసనం తేల్చింది. కాంట్రాక్టరు ఉన్నాడు కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి వీల్లేదని కూడా చెప్పింది. నలభై ఏళ్లు దాటినా ఆ తీర్పు మన సైట్లలోకి అడుగుపెట్టిందా?

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం పోయింది. కొత్త కోడ్‌లో పనికొచ్చే మాటలు లేకపోలేదు. కూలి బకాయి కోసం మూడేళ్లలోపు దావా వేయవచ్చు, పాత చట్టంలో గడువు ఆరు నెలలే. కూలి ఇచ్చానని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. కానీ ఇన్‌స్పెక్టరును 'ఫెసిలిటేటర్'గా కూడా మార్చారు. తనిఖీ చేయవలసినవాడు సలహాలు ఇచ్చి వెళ్లిపోతే మూడేళ్ల గడువు ఎవరికి పనికొస్తుంది?

ఈ బాధ్యత కొండకూ వర్తించాలి. తితిదే ఖర్చు చేసేది భక్తులు హుండీలో వేసిన రూపాయి. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ తిరుమల వెలుగుల్లో తేలిపోతుంది. ఆ వెలుగు వెనక నిచ్చెనెక్కిన మనిషి కూలి కూడా వెలుగులోకి రావాలి. 2021 చివర్లో ఎఫ్ఎంఎస్ కార్మికులు తిరుపతిలో పరిపాలనా భవనం ముందు రోజుల తరబడి బైఠాయించారు. కాంట్రాక్టు సంస్థల చేతుల నుంచి తప్పించి కార్పొరేషన్‌లో కలపమన్నారు. మధ్యవర్తి మీద నమ్మకం ఉన్నవాడు అలా రోడ్డెక్కడు.

ఇక్కడ మన ఉద్యమ మిత్రులతో ఒక మాట చెప్పాలి. మన పనులు బయటివాళ్లు చేసుకుపోతున్నారన్న కోపం మనలో ఉంది. 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని రాష్ట్రం చట్టమే చేసింది. కానీ ఒడిశా నుంచి, బీహార్ నుంచి కూలీని తెచ్చేది కాంట్రాక్టరు. తక్కువకు దొరుకుతాడనే తెస్తాడు. 1931లో అమెరికాకూ ఇదే అనుభవం. దూరం నుంచి చవక కూలీలను తెచ్చి స్థానికుల కూలిని పడగొడుతున్న కాంట్రాక్టర్లను అడ్డుకోవడానికి డేవిస్-బేకన్ చట్టం చేశారు. ప్రభుత్వ నిర్మాణాల్లో ఎవరు పనిచేసినా ఆ ప్రాంతంలో నడుస్తున్న కూలి ఇవ్వాలి, ఎలక్ట్రీషియన్‌కు ఎలక్ట్రీషియన్ రేటే కట్టాలి, ఎవరికెంత ఇచ్చారో కాంట్రాక్టరు వారం వారం సంతకం చేసి అప్పగించాలి. పరదేశి కూలీకీ అదే రేటు కడితే అతన్ని తెచ్చి కాంట్రాక్టరు మిగుల్చుకునేదేమీ ఉండదు. అప్పుడే మన ఐటీఐ కుర్రవాడికి తలుపు తెరుచుకుంటుంది. సర్కారు కాంట్రాక్టుల్లో కూలి షరతులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లోనే 94వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

కూలి పెంచితే పనుల ఖర్చు పెరుగుతుందని అధికారులు అంటారు. మనం అడిగేది పెంపు కాదు. అంచనాలో మీరే రాసిన కూలిని మనిషి చేతికి చేర్చమంటున్నాం. టెండరులో కూలి భాగాన్ని లెస్ నుంచి మినహాయించండి. కాంట్రాక్టర్లు లాభంలో, తెలివిలో పోటీ పడనీ, కూలి మీద వద్దు. పర్మిట్ ఉన్నవాణ్ణి నైపుణ్య కార్మికుడిగానే మస్టరులో రాయండి. కూలి బ్యాంకు ఖాతాలో పడాలి. ఆ వివరాలు జతచేయని బిల్లును పాస్ చేయకండి. రోజు కూలి ఎంతో సైటు గేటు మీద తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి పెట్టండి.

విద్యార్థి మిత్రులారా! పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ ఊళ్లో జరుగుతున్న సర్కారు పని అంచనాలో ఎలక్ట్రీషియన్ కూలి ఎంత, కాంట్రాక్టరు ఎంత లెస్‌కు వేశాడు, వేతన రిజిస్టరులో ఎంత ఉంది, ఈ మూడు అంకెలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. ఉద్యోగ మిత్రులారా! బిల్లుల మీద సంతకాలు మీవే. సీమకు నిధులు రావాలని కొట్లాడిన మనం, వచ్చిన నిధుల్లో కూలివాడి వాటా ఎక్కడ ఆగిందో అడగకపోతే ఆ కొట్లాటంతా కాంట్రాక్టర్ల కోసం చేసినట్టే. రేపు మీ బల్ల మీదికి వచ్చే బిల్లుకు వేతన పట్టీ లేకపోతే, దాన్ని వెనక్కి పంపండి.