ఆటల ల్యాప్‌టాపు

ఇంజనీరింగు సీట్ల కౌన్సెలింగు ముగిసిందంటే, సీటు వచ్చిన ప్రతి యింట్లోనూ రెండో కౌన్సెలింగు మొదలవుతుంది. అది ల్యాప్‌టాపు కౌన్సెలింగు. అబ్బాయి "గేమింగు ల్యాప్‌టాపు కావాలి" అంటాడు. ఆ "గేమింగు" అనే మాట చెవిని పడగానే తండ్రిగారికి ఒళ్ళు మండుతుంది. "చదువుకోవడానికి వెళుతున్నావా, ఆడుకోవడానికి వెళుతున్నావా?" అని ఆయన ప్రశ్న. "చదువుకే నాన్నా, ప్రాజెక్టులకు పవరు కావాలి" అని కుర్రవాడి జవాబు. ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం వుంది.

ఈ యేడు ఆ తగవు మా బావగారింటికి వచ్చింది. మేనల్లుడికి కంప్యూటరు సైన్సులో సీటు దొరికింది. వాడు చూపించిన యంత్రం ఖరీదు లక్షా ఇరవై వేలు. బావగారు నెలనెలా కడుతూన్న చీటీ పాడుకుందామా అని ఆలోచనలో పడ్డారు. అసలా చీటీ మేనకోడలి చదువుకని వేసింది. దానికి వచ్చే యేటికి ఇంటరు పూర్తవుతుంది. "మీరు కాలేజీలో వుండేవారు గదా, మీరే తేల్చండి" అని భారం నా మీద పెట్టారు. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి యీ పంచాయితీ యేమిటని పాఠకులు అడగవద్దు. నేను ఛందస్సు చెబుతూంటే వెనక బెంచీలో ఫ్యాను రొద పెట్టేవి యీ యంత్రాలే. వాటితో నా పరిచయం పాతది.

ముందుగా బావగారికి చెప్పవలసిన మాట ఒకటి వుంది. ఆటల కోసం పుట్టిన పనిముట్టు గదా అని దాన్ని తీసి పారెయ్యడానికి వీల్లేదు. తెరమీద బొమ్మ కదలాలంటే లక్షల చుక్కలకు ఒక్కసారే లెక్క కట్టాలి. ఆ పని చేసే చిప్పునే గ్రాఫిక్సు ప్రాసెసరు అంటారు. చిన్న చిన్న లెక్కలు వేలకొద్దీ ఏకకాలంలో చెయ్యడమే దాని విద్య. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హింటన్, ఆయన శిష్యులిద్దరూ కలిసి, ఫొటోలో వున్నది పిల్లో కుక్కో గుర్తుపట్టడం కంప్యూటరుకు నేర్పి, పెద్ద పోటీలో గెలిచారు. అందుకు వారు వాడినవి కుర్రవాళ్ళు ఆటలాడుకునే ఎన్‌విడియా వారి జీటీఎక్స్ 580 కార్డులు రెండు. అయిదారు రోజులు అవి లెక్కలు కడుతూ కూర్చున్నాయి. ఇవాళ కృత్రిమ మేధ అని లోకమంతా చెప్పుకొంటున్న దానికి అదొక పెద్ద మలుపు. 2024లో హింటన్‌గారు, జాన్ హాప్‌ఫీల్డుగారు కలిసి భౌతికశాస్త్రంలో నోబెలు బహుమతి అందుకున్నారు. ఇది విని బావగారు కాస్త మెత్తబడ్డారు. మేనల్లుడు మరీ పొంగిపోయాడు. అక్కడ వాణ్ణి ఆపవలసి వచ్చింది.

ఎందుకంటే, మొదటి రెండేళ్ళలో వాడు రాసే సీ, పైథాన్ ప్రోగ్రాములు 16 జీబీ ర్యామున్న మామూలు ల్యాప్‌టాపు మీద హాయిగా నడుస్తాయి. పెద్ద లెక్కలు వచ్చిననాడు గూగులు వారి కొలాబ్‌లో, కొన్ని పరిమితులతో, గ్రాఫిక్సు చిప్పు ఉచితంగానే దొరుకుతుంది. ఆర్కిటెక్చరు పిల్లలు, యానిమేషన్ పిల్లలు వేరు. వాళ్ళకు ఆ చిప్పు లేనిదే పని సాగదు. "ఒరే, నిజం చెప్పు" అన్నాను. "ఆటలకే మామయ్యా" అన్నాడు తల వంచుకొని. తల వంచుకోవలసినంత నేరం నాకేమీ కనిపించలేదు. సాయంత్రంపూట హాస్టల్లో ఒక ఆట ఆడుకుంటే కొంప మునగదు. అయితే చదువు పేరు చెప్పి అడిగిన కోరికకు హద్దు వుండదు. ఆట పేరు చెప్పి అడిగితే ఎంత ఆటకు ఎంత డబ్బు అని బేరమాడవచ్చు.

బేరానికి కూర్చున్నాం. పెట్టె మీది పేరు చూసి మురిసిపోకూడదని వాడికి చెప్పాను. ఆర్‌టీఎక్స్ 4060 అని రెండు ల్యాప్‌టాపుల మీదా రాసి వుంటుంది. కాని ల్యాప్‌టాపులో ఆ చిప్పుకు అందే కరెంటు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా వుండవచ్చు. ఎంత ఇవ్వాలన్నది ల్యాప్‌టాపు తయారు చేసేవారి ఇష్టం. సన్నని యంత్రంలో వేడి బయటికి పోయే చోటు తక్కువ గనుక అక్కడ వాట్లూ తక్కువే. సుబ్బారావులు వూళ్ళో పదిమంది వుంటారు. అందరూ ఒకే బస్తా ఎత్తగలరా?

రెండోది బ్యాటరీ. విమానంలో వెంట తీసుకుపోవడానికి మామూలుగా 100 వాట్-అవర్లు హద్దు. కంపెనీలు ఆ గీత దాటవు. ఆటలో యంత్రం 150 వాట్లు తాగుతుందనుకోండి, 90 వాట్-అవర్ల బ్యాటరీ 36 నిమిషాల్లో ఖాళీ. అందుకే ప్లగ్గు తీయగానే యంత్రం తనంతట తానే జోరు తగ్గించుకుంటుంది. ఆ బలమంతా గోడ పక్కన వున్నంతసేపే. ఇక చోటు సంగతి: బాల్డర్స్ గేట్ 3 అనే ఒక్క ఆటే 150 జీబీ అడుగుతుంది. 512 జీబీలో నాలుగు ఆటలు పెడితే రికార్డులు ఎక్కడ దాచుకుంటాడో వాడికే తెలియాలి.

బరువు సంగతి మా అక్కయ్య చూసుకుంది. యంత్రం రెండున్నర కిలోలు, ఇటుకంత అడాప్టరు ముప్పాతిక కిలో అని విని, మాట్లాడకుండా మూడుంపావు కిలోల బియ్యం తూచి వాడి సంచిలో పెట్టి, "ఇది తగిలించుకొని మార్కెట్టుకు వెళ్ళి కూరలు పట్టుకురా" అంది. వాడు తిరిగివచ్చి, భుజం రుద్దుకుంటూ, "కొంచెం తేలికది చూద్దాం మామయ్యా" అన్నాడు. నా ఉపన్యాసం మొత్తానికి లేని బలం ఆ బియ్యానికి వుంది.

85 వేలకు మించకూడదనీ, ర్యామూ ఎస్సెస్‌డీ తరవాత పెంచుకొనే వీలు వుండి తీరాలనీ ఒప్పందం కుదిరింది. దుకాణంలో మావాడు "గ్రాఫిక్సుకు ఎన్ని వాట్లు?" అని అడిగితే, అమ్మే అబ్బాయి స్టిక్కరు వంక చూశాడు, ఎవరికో ఫోను చేశాడు, చివరికి "మంచి మోడలే సార్" అన్నాడు. మూడో దుకాణంలో గాని జవాబు దొరకలేదు. బావగారు చీటీ జోలికి పోలేదు. మేనకోడలు మాత్రం ఆ వాట్ల లెక్క తన నోటుబుక్కులో రాసి పెట్టుకుంది, వచ్చే యేటికి.