పోలీసులు విడిచిన పెద్దకారు

పశువుల సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని నోరు తెరచి పండ్లు చూచును, సుడులు పరిశీలించును, నాలుగడుగులు నడిపించి కుంటు కనిపెట్టును. అయినను అది నడిచాలులో కాడి పడవేయునో లేదో అమ్మువానికి తెలిసినట్లు కొనువానికి తెలియదు. పాత కార్ల బజారును గూర్చి జార్జి అకర్లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రవేత్త 1970లో ప్రకటించిన వ్యాసమునకు మూలము ఇంచుమించు ఇదియే. చెడ్డకారును అచ్చటివారు వాడుకలో 'లెమను', అనగా నిమ్మపండు, అందురు. మంచిచెడ్డలు తేల్చుకొనలేని వాడు సగటు ధర మాత్రమే ఇచ్చును. ఆ ధరకు మంచికారు గలవాడు అమ్మడు. బజారున చెడ్డవే మిగులును. ఈ వ్యాసమును తొలుత మూడు పత్రికలు త్రోసిపుచ్చినవి. 2001లో దాని రచయితకు, మరి ఇరువురితో కలిపి, నోబెలు బహుమానము లభించినది.

ఈ వాదమును యథాతథముగా నమ్మినచో ఫోర్డు క్రౌన్ విక్టోరియా అను పెద్దకారును రెండవచేతిన ఎవరును కొనరాదు. అమెరికా పోలీసుశాఖలు చిరకాలము విశేషముగా వాడిన బండి యిది. వారు వాడి వేలము వేయగా టాక్సీవారు కొనెడివారు. వారినుండి సామాన్య గృహస్థులు కొనెడివారు. ఇంతకన్న అరిగిన ఎద్దు ఏ సంతలో నుండును? అయినను దానిని కొన్నవారిలో పెక్కుమంది సంతోషించిరి. ఇందులకు కారణము విచారింపదగినది.

1992 మొదలు 2011 వరకు ఈ కారు యంత్రభాగములలో మౌలికమైన మార్పు స్వల్పము. లారీకి వలె వేరుగా ఇనుపచట్రము, దానిపై శరీరము. ఎనిమిది సిలిండర్ల 4.6 లీటర్ల యంత్రము. ఏ ఊరి మెకానిక్కునకైనను దీని గుట్టు తెలియును. విడిభాగములు చవక. 1990 దశాబ్దపు చివరి కార్లలో యంత్రమునకు గాలినందించు ప్లాస్టిక్కు గొట్టపుభాగము పగిలి, చల్లార్చు నీరు కారిపోవుట ప్రసిద్ధమైన లోపము. తరువాత ఆ పగులుచోట అల్యూమినియము వచ్చినది. మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లు ఉత్తర రాష్ట్రములలో చట్రము త్రుప్పుపట్టును. పెట్రోలు మాట చెప్పనక్కరలేదు. పట్టణములో లీటరునకు 7 కిలోమీటర్లు వచ్చిన గొప్ప. పోలీసుబండియైనచో వెనుక తలుపులు లోపలినుండి తెరచుకొనకపోవచ్చును. బంధువులను కూర్చుండబెట్టుటకు ముందు యజమాని ఈ సంగతి చూచుకొనుట మేలు! ఇవి యన్నియు లోపములే. కాని అందరికిని తెలిసిన లోపములు. తెలిసిన లోపమునకు ధర కట్టవచ్చును. అకర్లాఫ్ భయము తెలియనిదానిని గూర్చి.

ఆ తెలియనిది ఇందును కలదు. పోలీసుబండి రోడ్డుప్రక్క గంటలకొలది నిలిచియుండగా యంత్రము తిరుగుచునే యుండును, మైళ్ళ మీటరు మాత్రము కదలదు. లక్ష మైళ్ళు చూపిన బండి లోపల ఎంత అరిగినదో ఆ అంకె చెప్పజాలదు. పైగా ఆ అంకెకును పూర్తి పూచీ లేదు. మీటరును వెనుకకు త్రిప్పుట 1972 నాటి చట్టము ప్రకారము నేరమే. కాని అమ్మకపు పత్రములలో మైళ్ళను ధ్రువపరచు బాధ్యత మునుపు పది సంవత్సరములు దాటిన కార్లకు లేకుండెను. 2021లో వచ్చిన నిబంధన 2011 మోడలు మొదలుకొని దానిని 20 ఏండ్లకు పెంచినది. 2010 మోడలు, అంతకు పూర్వపువి దానికి వెలుపలనే నిలిచినవి. వ్యాపారులు కారు అద్దమునకు పూచీ వివరముల చీటి అంటింపవలెనను నియమము 1985 నుండి కలదు. 'ఉన్నది ఉన్నట్లే' అని అందు గుర్తు పెట్టినచో, కొన్న మరునాటి మరమ్మతు సాధారణముగా కొన్నవానిదే. ఇంటివద్ద తన కారు తానే అమ్ముకొను వానికి ఆ చీటియు లేదు.

ఈ విషయము నేడు బరువెక్కినది. క్రొత్త కార్ల కొరతచే 2021 జూను నాటికి పండ్రెండు నెలలలో అమెరికాలో పాత వాహనముల ధరలు నూటికి 45 వంతులు పెరిగినవి. ఇక పెద్ద సెడాన్లా? క్రౌన్ విక్టోరియా 2011లో నిలిచినది. ఫోర్డు టారస్ అచ్చట 2019లో, షెవర్లే ఇంపాలా 2020లో, క్రిస్లర్ 300 2023లో ఆగిపోయినవి. కంపెనీలు ఎత్తైన బండ్లవైపు మరలినవి. చౌకగా, విశాలముగా, ఊరి మెకానిక్కు బాగుచేయగలిగినట్టి బండి కావలసిన బీదవానికి మిగిలినవి ఏటేట తరుగు పాతవే. బస్సులు అరుదైన విశ్వవిద్యాలయపు ఊళ్ళలో దిగిన మన తెలుగు విద్యార్థులును ఈ పాతకార్ల బజారుననే నిలువవలసియున్నది. వారు సామాన్యముగా చిన్న జపాను కార్లను కోరుదురు, పెట్రోలు లెక్క చూచినచో అది తెలివియే. కాని చీటి చదువుట, తనకు తెలిసిన మెకానిక్కుచేత చట్రము క్రింద దీపము పెట్టి చూపించుకొనుట వారికిని తప్పవు. అమ్మువాడు అందుకు ఒప్పుకొననిచో, ఆ నిరాకరణమే ఎద్దు పండ్లు చూపినట్లు.