లెక్క ఉన్నది, చదివే దిక్కేది?

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వాడరేవులో మరపడవలు వేటకు పోవు. తూర్పు తీరమంతటా ఆ 61 రోజులు నిషేధ కాలం. ఆ రోజులలో సాయంకాలం ఇసుకలో నడిచేవారికి ఒక దృశ్యం కనబడుతుంది. పడవల నీడలో కూర్చుండి జాలరులు వలలు బాగు చేసికొంటూ ఉంటారు. వారిని చూచి పనిలేనివారని ఎవరూ అనరు. తెగిన కన్ను ఒక్కటి వదిలివేసినా రేపు చేప ఏ దారిన పోతుందో వారికి తెలుసు.

మన కంప్యూటరు విద్యార్థులతో మాట్లాడినప్పుడల్లా నాకు ఆ వలలు గుర్తుకు వస్తాయి. "ఏమి చేస్తున్నావు నాయనా?" అంటే, "కొత్త యాప్ చేస్తున్నాను సార్" అంటారు. నిరుడు చేసినది ఏమయిందంటే నవ్వి ఊరుకుంటారు. ఛందస్సు చెప్పుకొనే తెలుగు పంతులుకు డేటాబేసు గొడవ ఎందుకని మిత్రులు పరిహసించవచ్చు. మన ఆఫీసులో జరిగిన ఒక ఉదంతమే నా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

ప్రవేశాలు, ఫీజులు, హాజరు, స్కాలర్‌షిప్పు ధ్రువపత్రాలు - ఇవన్నీ చూచే సాఫ్ట్‌వేర్ మన ఆఫీసులో ఒకటి ఉన్నది. అది నెమ్మదించిందని గమనించి, ఆఖరు సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి ఒక ఏర్పాటు చేశాడు. ప్రతి పని ఎప్పుడు మొదలయినదీ, ఎప్పుడు ముగిసినదీ డేటాబేసులోని ఒక పట్టికలో నమోదు కావాలి. కొద్ది నెలలలోనే ఆ పట్టికలో వేలకొలది వరుసలు చేరాయి. అన్ని అంకెలను కంటితో చదవడం ఎవరికి సాధ్యం? అందుకని అతడే నలభై పంక్తుల చిన్న స్క్రిప్టు ఒకటి రాశాడు. అది పట్టికలోని లెక్క తీసి, ఏ పనికి ఎన్ని సెకండ్లు పడుతున్నదో ఒక గ్రాఫుగా తెరపై చూపేది. గుమాస్తాగారు ప్రతి సోమవారం దానిని చూచేవారు. ఒకసారి ఫీజు రసీదులకు పట్టే కాలం వారం వారం పెరగడం ఆ గ్రాఫులోనే బయటపడింది. కారణం చిన్నది. ఫీజుల పట్టిక పెద్దదయింది, దానికి సూచిక లేదు. అకారాది క్రమం లేని నిఘంటువులో ఒక మాట కోసం మొదటి పుట నుండి వెదికినట్లు యంత్రం వెదుకుతున్నది. పది నిమిషాలలో అతడు దానికి సూచిక ఏర్పరచాడు, వ్యాధి కుదిరింది.

అతడు డిగ్రీ ముగించుకొని ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాడు. ఆఫీసు కంప్యూటరులో పైథాన్ భాష కొత్త కూర్పు వచ్చింది. స్క్రిప్టు ఆగిపోయింది. "గ్రాఫు రావడం లేదేమి?" అని అడిగిన నాథుడు లేడు. పట్టిక మాత్రం రాత్రింబవళ్ళు నిండుతూనే ఉన్నది. రెండేళ్ళ తరువాత స్కాలర్‌షిప్పు దరఖాస్తుల ఆఖరు వారంలో ఒక్కొక్క ధ్రువపత్రం రావడానికి నిమిషాలు పట్టసాగింది. వరుసలో నిలిచిన పల్లెటూరి ఆడపిల్లలు చివరి బస్సు తప్పిపోతుందని ఉత్తచేతులతో వెనుదిరిగారు. వారిలో కొందరికి ఆ సంవత్సరం గడువు దాటిపోయింది. యంత్రం పాతబడిందనుకొని కొత్తది కొన్నారు. జబ్బు మాత్రం అట్లాగే ఉన్నది. రంజాన్ సెలవులకు ఊరు వచ్చిన ఆ పాత విద్యార్థి ఇఫ్తార్ అనంతరం కూర్చుండి, ఒక్క పూటలో స్క్రిప్టు సరిచేశాడు. నెమ్మది మూడు నెలల క్రితమే మొదలయిందని గ్రాఫు చూపింది. ఈసారి హాజరు పట్టిక, మళ్ళీ అదే కారణం. ఆ గ్రాఫును చూచినప్పుడు నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది. మన పిల్లల నష్టానికి మూడు నెలల ముందే నిదర్శనం సిద్ధంగా ఉన్నది, చదివే కన్ను మాత్రం మూసుకొని ఉన్నది.

ముట్టుకోని స్క్రిప్టు ఎందుకు చెడుతుందని కొందరు అమాయకంగా అడుగుతారు. స్క్రిప్టు మారకపోవచ్చు, దాని చుట్టూ ఉన్న లోకం మారుతున్నది. పైథాన్ రెండవ కూర్పునకు దాని నిర్మాతలు 2020 జనవరి 1తో పోషణ నిలిపివేశారు. ఆ కూర్పులో మూడును రెండుతో భాగిస్తే ఒకటి వచ్చేది, మూడవ కూర్పులో ఒకటిన్నర వస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు ఏ ప్రశ్నకు ఎంత కాలం పట్టినదో తానే లెక్క ఉంచగలదు. 2020లో వచ్చిన దాని పదమూడవ కూర్పులో ఆ కాలం నిలువు వరుసకు పేరు మార్చారు. పాత పేరుతో అడిగే స్క్రిప్టులన్నీ ఆనాటితో మూగపోయాయి. మూగపోయినది నయం, తప్పు చెప్పేదానితోనే ప్రమాదం. మన స్క్రిప్టే మరమ్మతు తరువాత మొదటిసారి నడిచినప్పుడు, ఆఫీసులో రద్దీ తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతున్నదని చూపింది. ఫజర్ నమాజు వేళకే మన గుమాస్తాలు ఇంత శ్రద్ధగా పని చేస్తున్నారా అని అందరమూ నవ్వుకొన్నాము. సంగతేమంటే, డేటాబేసులో కాలం గ్రీనిచ్ లెక్కన నమోదవుతున్నది. దానికి అయిదున్నర గంటలు కలిపితే ఆఫీసు తెరిచే పది గంటలు అవుతుంది. ఆ "న్నర" వలన మరొక చిక్కు కూడా ఉన్నది. గ్రీనిచ్ గంటల చొప్పున లెక్కకట్టే స్క్రిప్టు మన గంటను నడిమికి కోస్తుంది.

సగటు చేసే మోసం ఇంకొకటి. ఇరవై మందిలో పందొమ్మిది మందికి ఒక్కొక్క సెకండులో పని అయి, ఇరవయ్యోవారికి నలభై సెకండ్లు పడితే, సగటు మూడు సెకండ్లు కూడా కాదు. గ్రాఫు చూచిన పెద్దలు "బాగానే ఉన్నది" అంటారు. ఆ ఇరవయ్యో వ్యక్తే బస్సు తప్పిన పిల్ల. 1999లో వెలువడిన ఆర్‌ఆర్‌డీటూల్ వంటి సాధనాలు స్థలం పొదుపు కోసం పాత లెక్కలను సగటులుగా కుదించి ఉంచుతాయి. ఏది ఉంచాలి, ఏది కుదించాలి అని ముందుగా నిర్ణయించవలసింది మనిషే. కావున ఈ స్క్రిప్టు పోషణ కేవలం తుప్పు దులపడం కాదు, న్యాయాన్యాయ విచక్షణ కూడా అందులో ఉన్నది.

ఈ మధ్య ఒక సహోద్యోగి నాతో వాదించారు. గ్రాఫానా వంటి సాధనాలు 2014 నుండి ఉచితంగా దొరుకుతున్నవి, సొంత స్క్రిప్టుల మీద మమకారమెందుకని వారి ప్రశ్న. వాడుకొనవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. కాని ఆ తెరపై వచ్చే ప్రతి గ్రాఫు వెనుకా మన పట్టికను అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. దానిని రాయవలసినది మనమే, పట్టిక పేరు మారినప్పుడు దిద్దవలసినదీ మనమే. అత్తరు సీసా మారినంత మాత్రాన అత్తరు పని తప్పదు.

పోషణ అనేది చిన్న పని అనే చులకన భావం మనకు తగదు. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండు అంకెలతో రాసిన పొరపాటును దిద్దడానికే 1990ల చివర తెలుగు యువకులెందరో అమెరికా విమానం ఎక్కారు. వారు చేసినది కొత్త సృష్టి కాదు, పాతదానికి మరమ్మతు. ఇటువంటి గడువు మరొకటి ముందున్నది. 1970 జనవరి 1 నుండి సెకండ్లు లెక్కిస్తూ, ఆ లెక్కను ముప్పది రెండు బిట్లలో ఇరికించిన ప్రోగ్రాములకు 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాలకు, ఆ పాత్ర నిండిపోతుంది. ఈనాడు మన తరగతిలో కూర్చున్న పిల్లలు అప్పటికి ముప్పైలలో ఉంటారు.

అంత దూరం పోనవసరం లేదు, ఇటువంటి సంచికల సంగతే చూడండి. అను ఫాంటులలో కూర్చిన పాత తెలుగు పుటలు, పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ పుటలు ఈనాటి కంప్యూటరులో నేరుగా తెరిస్తే పిచ్చిగీతలుగా కనబడతాయి. అక్షరం చెరిగిపోలేదు. దానిని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామును ఎవరో ఒకరు బ్రతికించుకొంటూ ఉన్నంత కాలమే ఆ రచనలకు ఆయువు.

2004 డిసెంబరు 26న మన తీరాన్ని తాకిన సునామీని వాడరేవు వాసులకు నేను గుర్తు చేయనక్కరలేదు. ఆ తరువాత 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం వెలసింది. సముద్రం కింద భూమి కంపించిన కొద్ది నిమిషాలలో హెచ్చరిక వెలువడాలి. యంత్రం ఏ మెట్టు దగ్గర ఎన్ని సెకండ్లు ఆలసించిందో తెలిపే లెక్క అటువంటి చోట ప్రాణాల లెక్క. మనకు పోయినవి ప్రాణాలు కావు, ఒక సంవత్సరపు స్కాలర్‌షిప్పులు. మిరప కోతలకు పోయి ఫీజు కట్టే తల్లికి అది అల్ప విషయం కాదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నాదొక మనవి. కొత్త యంత్రానికి అయిన ఖర్చులో కొద్ది భాగంతో, ఏటా ఇద్దరు విద్యార్థులకు ఈ స్క్రిప్టుల పోషణ అప్పగించి పారితోషికం ఇవ్వండి. ద్వితీయ సంవత్సరం వారు ఒకరు, తృతీయ సంవత్సరం వారు ఒకరు ఉంటే, వెళ్ళిపోయేవారు మిగిలేవారికి నేర్పి పోతారు. హదీసు చెప్పేవారు తాము ఎవరి వద్ద విన్నదీ, వారు ఎవరి వద్ద విన్నదీ పేర్లతో చెప్పి గాని మాట ఎత్తరు. ఆ ఇస్నాద్ పద్ధతి మనకు కొత్తది కాదు. స్క్రిప్టులో ఏ పంక్తి ఎవరు, ఎందుకు, ఏ తేదీన మార్చారో ఒక పుస్తకంలో తెలుగులోనో ఉర్దూలోనో రాసి ఉంచాలి. మరమ్మతుకు తగిన కాలం వేసవి సెలవులు. వాడరేవులో వలలు బాగుపడేదీ అప్పుడే.

అటువంటి పుస్తకం ఒకటి నేనే కొని, అట్ట వేయించి ఆఫీసు బీరువాలో ఉంచాను. మొదటి పుటలో మా పాత విద్యార్థి తాను దిద్దిన నాలుగు పంక్తుల వివరం రాసి, తేదీ వేసి సంతకం చేశాడు. రెండవ పుట ఖాళీగా ఉన్నది.