రాజీనామా చాటున

పదవిని విడిచినంతమాత్రమున పదవిలో చేసిన తప్పు తుడిచిపోవునా?

1876లో అమెరికా యుద్ధశాఖ కార్యదర్శి విలియం బెల్‌నాప్‌పై, ఫోర్ట్ సిల్ సైనిక స్థావరమున అంగడి నడపు హక్కు విషయమై ముడుపులు స్వీకరించెనన్న ఆరోపణ వచ్చెను. అట్టి ముడుపుల భారము తుదకు ఆ అంగడిలో సరకులు కొను సైనికునిపైననే పడును. మార్చి 2న ప్రతినిధుల సభ వోటు చేయబోవు ముందే ఆయన రాజీనామా నిచ్చెను. అధ్యక్షుడు గ్రాంట్ ఆమోదించెను. అయినను సభ ఏకగ్రీవముగా అభిశంసించెను. మాజీ కార్యదర్శిని విచారించుటకు తనకు అధికారము కలదని సెనేటు 37–29 వోట్లతో నిర్ణయించెను. తీరా ఆగస్టు 1న, దోషి యన్నవారే అధికసంఖ్యాకులైనను, మూడింట రెండు వంతులు కూడలేదు. కాదన్నవారిలో పెక్కురు ఆయనను నిర్దోషి యని నమ్మి కాదు, సెనేటునకు అధికారము లేదనియే అట్లు పలికిరి.

సభ ఒకమారు తేల్చిన సంశయమును తీర్పువేళ మరల పైకి తీయుట న్యాయనిష్ఠ యనిపించుకొనదు. తొలగింపొక్కటే శిక్షయైనచో రాజీనామాతో పని తీరును. కాని దోషిని ఇక ముందు పదవులకు అనర్హుని చేయు అధికారమును కూడ ఆ రాజ్యాంగము సెనేటునకు ఇచ్చినది.

భారతదేశమునను 2011లో, రాజ్యసభ తొలగింపదలచిన ఒక న్యాయమూర్తి లోక్‌సభ వోటునకు ముందే రాజీనామా చేయగా, ఆ ప్రక్రియ అంతటితో ఆగిపోయెను. తప్పు జరిగిన తేదీని విడిచి రాజీనామా తేదీని చూచు సభ ప్రజల సొమ్మునకు కావలి కాజాలదు.